పైపు సన్నబడితే నీటికి బలం పెరుగుతుందా? బిందు సేద్యంలో వేగం, పీడనాల లెక్క

కొన్నేళ్ల క్రితం ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక బత్తాయి తోటను సందర్శించే అవకాశం కలిగింది. బోరు పక్కనే పాత తోట ఉంది. దానికి 150 మీటర్ల అవతల, రెండెకరాల్లో, ఆరు మీటర్ల ఎడంతో నాటిన 225 చెట్ల కొత్త తోట ఉంది. రెండింటికీ ఒకే మోటారు, ఒకే ఫిల్టరు, ఒకే ఎరువుల పట్టిక. పాత తోట నిండుగా, ముదురాకుపచ్చగా ఉంది. కొత్త తోటలో, ముఖ్యంగా చివరి వరుసల్లో, ఆకులు చిన్నవై పాలిపోయాయి. పిందె రాలుడు ఎక్కువగా ఉంది.

ఆకుల తీరు చూసి జింకు లోపమని నిర్ధారించి పిచికారీ సూచించాను. తదుపరి సందర్శనలో నత్రజని మోతాదు కొంత పెంచమన్నాను. రైతు రెండు సలహాలూ శ్రద్ధగా పాటించారు. రెండూ ఫలించలేదు. మూడోసారి వెళ్లినప్పుడు మాత్రమే సంచిలో ప్రెషర్ గేజి పెట్టుకున్నాను. ఫిల్టరు దాటిన తర్వాత పీడనం చదరపు సెంటీమీటరుకు 1.5 కిలోలు. పాత తోటలో 1.4. కొత్త తోట ముఖద్వారం వద్ద 0.6. చివరి వరుస కొసన 0.3 మాత్రమే.

రెండు తోటల మధ్య ఏ పైపు వేశారని అడిగాను. "నలభై ఎం.ఎం. పైపేసిన సార్. దూరం ఎక్కువున్నది గద, పైపు సన్నగైతే నీళ్ల జోరు పెరుగుతదని" అన్నారాయన. పాత తోటకు 63 మి.మీ. పైపు ఉంది. కొత్త తోటకు సన్న పైపు వేయడంలో డబ్బు ఆదా చేసే ఉద్దేశం కంటే నీటికి బలం చేకూర్చాలన్న ఆలోచనే ఆయనకు ముఖ్యమైంది.

ఆ ఆలోచన ఒక్క రైతుది కాదు. డిగ్రీ చదివే విద్యార్థులను అడిగినా తరగతిలో సగం మంది ఇదే సమాధానం చెబుతారు. సన్నని పైపులో నీరు వేగంగా పోతుంది, వేగంగా పోయే నీటికి పీడనం ఎక్కువ అన్నది వారి వాదన. ఇందులో మొదటి సగం సత్యం, రెండో సగం అసత్యం. ఈ రెంటి మధ్య తేడా తెలియకపోవడం వల్ల ఆ తోట చివరి వరుసలు రెండేళ్ల పాటు దాహంతో, ఆకలితో ఉన్నాయి. నేనేమో వాటికి మందు రాశాను.

మొదటి లెక్క: వేగం

నీరు దాదాపుగా కుదించడానికి వీలుకాని ద్రవం. పైపులో ఎక్కడా లీకు లేకపోతే, ఒక సెకనులో ఒక కొస నుండి ఎంత నీరు ప్రవేశిస్తే రెండో కొస నుండి అంతే నీరు బయటికి రావాలి. మధ్యలో పైపు వెడల్పైనా, ఇరుకైనా ఈ నియమం మారదు. ఇటలీకి చెందిన బెనెడెట్టో కాస్టెల్లి 1628లో ప్రచురించిన గ్రంథంలో నదులు, కాలువల ప్రవాహానికి ఈ నియమాన్ని స్పష్టంగా వివరించాడు. దీన్నే నేడు సాంతత్య సూత్రం అంటున్నాం. పైపు అడ్డుకోత వైశాల్యాన్ని నీటి వేగంతో గుణిస్తే వచ్చే విలువ పైపు పొడవునా ఒకటే అని దీని సారాంశం.

ఉదాహరణకు 80 మి.మీ. లోపలి వ్యాసం గల పైపులో సెకనుకు 5 లీటర్ల నీరు పోతున్నదనుకుందాం. అక్కడ నీటి వేగం సెకనుకు దాదాపు ఒక మీటరు. అదే పైపు ఒకచోట 40 మి.మీ.కు సన్నబడితే వ్యాసం సగమే తగ్గినా వైశాల్యం నాలుగో వంతుకు పడిపోతుంది. అదే 5 లీటర్లు ఆ ఇరుకు దారి గుండా పోవాలంటే వేగం నాలుగు రెట్లై సెకనుకు 4 మీటర్లకు చేరాలి. వ్యాసం మూడో వంతైతే వేగం తొమ్మిది రెట్లవుతుంది.

కనుక సన్నని పైపులో నీరు వేగంగా పోతుందన్న మాట నిజమే. అయితే దీనికొక షరతు ఉంది. అంతే పరిమాణంలో నీరు పోతూ ఉండాలి. ఈ షరతును తరచూ మరచిపోతాం.

రెండో లెక్క: పీడనం

వెడల్పు భాగంలో సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తున్న నీటి ముద్ద ఇరుకు భాగంలోకి ప్రవేశించేసరికి 4 మీటర్ల వేగాన్ని అందుకోవాలి. ఏ వస్తువూ తనంతట తాను వేగం పుంజుకోదు. దాన్ని ముందుకు నెట్టే బలం కావాలి. నీటి ముద్ద విషయంలో ఆ బలం పీడనాల తేడా నుండే వస్తుంది. వెనుక నుండి తోసే పీడనం, ముందు నుండి అడ్డుకునే పీడనం కంటే ఎక్కువగా ఉంటేనే ముద్ద వేగం పెరుగుతుంది. అంటే వెనుకనున్న వెడల్పు భాగంలో పీడనం ఎక్కువగా, ముందున్న ఇరుకు భాగంలో తక్కువగా ఉండి తీరాలి. ఇరుకు చోట పీడనం తగ్గుతుందని చెప్పడానికి ఈ ఒక్క తర్కం చాలు.

డేనియల్ బెర్నౌలీ 1738లో వెలువరించిన ‘హైడ్రోడైనమికా’ గ్రంథంలో ఈ సంబంధాన్ని శక్తి నిత్యత్వం ఆధారంగా వివరించాడు. పైపులోని నీటి శక్తి మూడు రూపాల్లో ఉంటుంది. ఎత్తు వల్ల వచ్చేది ఒకటి, పీడనం వల్ల వచ్చేది రెండోది, వేగం వల్ల వచ్చేది మూడోది. ఘర్షణ లేదనుకుంటే ఈ మూడింటి మొత్తం మారదు. సమతలంగా వేసిన పైపులో ఎత్తు మారదు గనుక, వేగపు ఖాతా పెరిగినప్పుడు ఆ మేరకు పీడనపు ఖాతా తగ్గాలి.

ఈ ఖాతాలన్నింటినీ మీటర్ల నీటి ఎత్తుగా లెక్కించడం ఇంజనీర్ల అలవాటు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనం సుమారు 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. వేగపు ఖాతా వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పై ఉదాహరణలో సెకనుకు ఒక మీటరు వేగానికి అది 5 సెంటీమీటర్లు మాత్రమే. సెకనుకు 4 మీటర్ల వేగానికి 80 సెంటీమీటర్లు. అంటే ఇరుకు భాగంలో పీడనం సుమారు 75 సెంటీమీటర్ల నీటి ఎత్తు మేరకు, అనగా 0.075 కిలోలు తగ్గుతుంది.

ఈ తగ్గుదల ఒక విధమైన అప్పు. పీడనం వేగానికి అప్పిచ్చింది. పైపు మళ్లీ వెడల్పైతే వేగం తగ్గి, పీడనం తన బాకీని తిరిగి వసూలు చేసుకుంటుంది. అయితే ఎంత వసూలవుతుందన్నది పైపు ఏ విధంగా వెడల్పైందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 40 మి.మీ. నుండి 80 మి.మీ.కు ఒక్కసారిగా వెడల్పైతే నీరు సుడులు తిరిగి శక్తిలో అధిక భాగం వృథా అవుతుంది. అప్పుపోయిన 75 సెంటీమీటర్లలో 30 సెంటీమీటర్లు మాత్రమే తిరిగి వస్తాయి. గరాటు ఆకారంలో క్రమంగా వెడల్పైతే ఎక్కువ భాగం తిరిగి వస్తుంది.

బొటనవేలి సాక్ష్యం

ఇక్కడ రైతులు ఒక న్యాయమైన ప్రశ్న వేస్తారు. పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టేటప్పుడు గొట్టం కొసను బొటనవేలితో సగం మూస్తే నీరు దూరంగా చిమ్ముతుంది కదా, ఇరుకు చేయడం వల్ల బలం పెరిగినట్లే కదా అని.

ఈ అనుభవం నిజమైనదే, కానీ దాని కారణం వేరు. వేలు అడ్డు పెట్టగానే గొట్టం నుండి వచ్చే నీటి పరిమాణం తగ్గుతుంది. కావాలంటే బకెట్టు నిండే సమయం చూడవచ్చు. వేలు పెట్టినప్పుడు బకెట్టు ఆలస్యంగా నిండుతుంది. నీటి పరిమాణం తగ్గడంతో పొడవాటి గొట్టంలో నీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీటికి గొట్టం గోడలతో ఘర్షణ తగ్గుతుంది. అంతవరకు దారిలో ఘర్షణకు ఖర్చవుతున్న పీడనం కొస వరకు మిగిలి వస్తుంది. వేలి కింది సందులో ఆ మిగిలిన పీడనమంతా వేగంగా మారి నీరు చిమ్ముతుంది.

అంటే వేలు బలాన్ని పుట్టించలేదు, దారిలో ఖర్చు కాకుండా ఆపింది. ఇరుకు కొసన, అంగుళం మేర మాత్రమే ఉంది. గొట్టమంతా వెడల్పుగానే ఉంది. మా రైతు చేసింది దీనికి పూర్తిగా విరుద్ధం. ఆయన కొసను కాక 150 మీటర్ల దారినంతటినీ ఇరుకు చేశారు. స్ప్రింక్లరు నాజిల్, స్ప్రేయరు నాజిల్ బొటనవేలి సూత్రంపై పనిచేస్తాయి. మెయిన్ పైపు ఆ సూత్రంపై పనిచేయదు.

తిరిగిరాని ఖర్చు: ఘర్షణ

బెర్నౌలీ లెక్కలో లేని అంశం ఘర్షణ. పొలంలో అసలు నష్టం దీని వల్లనే. 20వ శతాబ్ది ఆరంభంలో అమెరికన్ ఇంజనీర్లు అలెన్ హేజెన్, గార్డ్‌నర్ విలియమ్స్ రూపొందించిన సూత్రం నేటికీ బిందు సేద్య రూపకల్పనలో వాడుకలో ఉంది. దాని ప్రకారం ఘర్షణ నష్టం నీటి పరిమాణపు 1.852వ ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, పైపు లోపలి వ్యాసపు 4.87వ ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. సామాన్య భాషలో చెప్పాలంటే, అంతే నీటిని సగం వ్యాసం గల పైపులో పంపితే ఘర్షణ నష్టం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు కాదు, సుమారు 29 రెట్లు అవుతుంది.

ఈ లెక్కను బత్తాయి తోటకు అన్వయిద్దాం. 225 చెట్లకు చెట్టుకు నాలుగు చొప్పున గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు ఉన్నాయి. మొత్తం గంటకు 7,200 లీటర్లు, అంటే సెకనుకు 2 లీటర్లు కావాలి. 63 మి.మీ. పైపు లోపలి వ్యాసం సుమారు 59 మి.మీ. అందులో ఈ నీటి వేగం సెకనుకు 0.73 మీటర్లు, 150 మీటర్ల పొడవులో ఘర్షణ నష్టం సుమారు 1.5 మీటర్లు. 40 మి.మీ. పైపు లోపలి వ్యాసం సుమారు 37 మి.మీ. అందులో వేగం 1.86 మీటర్లు, ఘర్షణ నష్టం సుమారు 14 మీటర్లు.

రెండు నష్టాలను పక్కపక్కన ఉంచి చూడాలి. 59 మి.మీ. నుండి 37 మి.మీ.కు మారడంలో బెర్నౌలీ సూత్రం ప్రకారం వేగానికి అప్పుపోయిన పీడనం 15 సెంటీమీటర్లు మాత్రమే. ఘర్షణకు అదనంగా పోయినది పన్నెండున్నర మీటర్లు. మొదటిది లెక్కలోకి రానంత చిన్నది, పైగా కొంతైనా తిరిగి వచ్చేది. రెండోది దాదాపు మోటారు ఇచ్చిన మొత్తం పీడనం, మళ్లీ తిరిగి రానిది. వేగం పెరిగిందని సంతోషించిన పైపు ఆ వేగానికే మూల్యం చెల్లించింది.

ఫిల్టరు దాటిన తర్వాత అందుబాటులో ఉన్నది 15 మీటర్లే. దారిలోనే 14 మీటర్లు పోతే డ్రిప్పర్లకు ఏమీ మిగలదు. అందువల్ల వ్యవస్థ తక్కువ నీటితో రాజీ పడుతుంది. నీరు తగ్గితే ఘర్షణ తగ్గుతుంది, కొంత పీడనం డ్రిప్పర్లకు మిగులుతుంది. అలా కుదిరిన రాజీయే గేజి చూపిన 0.6 కిలోలు. సన్నని పైపులో వేగం పెరగాలంటే అంతే నీరు పోవాలన్న షరతు ఇక్కడే విఫలమైంది.

చెట్టు చెల్లించిన మూల్యం

సాధారణ డ్రిప్పరు విడుదల చేసే నీరు పీడనపు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒక కిలో వద్ద 8 లీటర్లు ఇచ్చే డ్రిప్పరు 1.4 కిలోల వద్ద గంటకు 9.5 లీటర్లు, 0.3 కిలోల వద్ద 4.4 లీటర్లు ఇస్తుంది. నాలుగు గంటల తడిలో చెట్టుకు 128 లీటర్లు అందుతాయని రైతు భావించారు. చివరి వరుస చెట్టుకు అందినవి 70 లీటర్లు. అదే సమయంలో పాత తోటలోని చెట్టుకు 150 లీటర్లకు పైగా అందాయి.

ఎరువును నీటిలో కలిపి పంపే ఫెర్టిగేషన్ పద్ధతిలో నీటికి జరిగిన అన్యాయమే ఎరువుకూ జరుగుతుంది. పాత తోట చెట్టుకు 100 గ్రాముల ఎరువు అందిన కాలంలో చివరి చెట్టుకు అందినది 46 గ్రాములు. నేను నత్రజని మోతాదు పెంచమన్నప్పుడు ఆ పెంపులో అధిక భాగం అప్పటికే సమృద్ధిగా ఉన్న చెట్లకే చేరింది. నేను చూసిన లక్షణాలు నిజమైనవే. వాటికి నేను ఊహించిన కారణమే తప్పు. నేల పరీక్ష, ఆకు పరీక్ష చేయించే మనం పీడన పరీక్షను కూడా సస్య పరిశీలనలో భాగంగా చేసుకోవాలని ఆ తోట నాకు నేర్పింది.

ఆ తర్వాత రైతు 150 మీటర్ల మేర 63 మి.మీ. పైపు వేయించారు. కొత్త తోట ముఖద్వారం వద్ద పీడనం 1.2 కిలోలకు చేరింది. మోటారు మారలేదు, బోరు మారలేదు, ఎరువుల పట్టిక కూడా మారలేదు.

ఇరుకు ఉపయోగపడే చోటు: వెంచురీ

ఇరుకు ఎల్లప్పుడూ శత్రువు కాదు. పీడనాన్ని ఉద్దేశపూర్వకంగా తగ్గించదలచిన చోట అదే సాధనం. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త జొవాన్నీ బాటిస్టా వెంచురీ ఇరుకు, వెడల్పు గొట్టాల్లో నీటి ప్రవాహంపై చేసిన ప్రయోగాలను 1797లో ప్రచురించాడు. తొంభై ఏళ్ల తర్వాత, 1887లో, అమెరికన్ ఇంజనీరు క్లెమెన్స్ హెర్షెల్ ఆ సూత్రంతో పెద్ద పైపుల్లో నీటిని కొలిచే పరికరాన్ని రూపొందించి దానికి వెంచురీ పేరు పెట్టాడు. రైతులు ఎరువు పీల్చడానికి వాడే చిన్న పరికరం ఆ వంశానికి చెందినదే.

దాని పని లెక్కతో చూస్తే సులభంగా అర్థమవుతుంది. 25 మి.మీ. వ్యాసం గల మార్గంలో సెకనుకు ఒక లీటరు నీరు వస్తున్నదనుకుందాం. వేగం సుమారు 2 మీటర్లు. మధ్యలో కంఠం వద్ద వ్యాసం 8 మి.మీ. మాత్రమే. అక్కడ వేగం దాదాపు 20 మీటర్లకు చేరుతుంది. ఆ వేగానికి 20 మీటర్ల నీటి ఎత్తు అప్పు కావాలి. ప్రవేశం వద్ద ఉన్న పీడనం 15 మీటర్లే అయితే కంఠంలో పీడనం వాతావరణ పీడనం కంటే 5 మీటర్లు తక్కువకు దిగుతుంది. అక్కడ ఒక రంధ్రం ఉంటే నీరు బయటికి చిమ్మదు, బయటి ద్రావణమే లోపలికి పీల్చబడుతుంది. ఆ రంధ్రానికి అమర్చిన సన్న గొట్టం ఎరువుల డ్రమ్ములో మునిగి ఉంటుంది. కరెంటు లేదు, కదిలే భాగం లేదు.

కంఠం తర్వాత గల పొడవాటి గరాటు భాగం అలంకారం కాదు. అప్పుపోయిన పీడనాన్ని వసూలు చేసేది అదే. అయినా పూర్తి వసూలు సాధ్యం కాదు. వెంచురీ పీల్చాలంటే ప్రవేశ పీడనంలో సుమారు మూడో వంతు వరకు నష్టపోవలసి వస్తుంది. కనుక దాన్ని మెయిన్ పైపు మధ్యలో నేరుగా అమర్చక, ఒక వాల్వుకు ఇరువైపులా పక్కదారిగా అమర్చాలి. ఎరువు ఇచ్చే సమయంలో మాత్రమే వాల్వును కొంత మూసి, పీడన భేదం కల్పించి, పని ముగియగానే పూర్తిగా తెరవాలి.

మన బత్తాయి తోటలో ఈ విషయమూ వెలుగుచూసింది. వెంచురీ సరిగా పీల్చడం లేదని వాల్వును సగం మూసి అలాగే వదిలేసేవారు. అసలే చాలని పీడనంలో మరికొంత అక్కడ పోయేది. వెంచురీ పీల్చకపోవడానికి సాధారణ కారణాలు మూడు. ప్రవేశ పీడనం చాలకపోవడం, ఇరువైపులా పీడన భేదం చాలకపోవడం, కంఠంలో మలినం చేరడం. భేదం మరీ తగ్గితే నీరు వెనక్కి మళ్లి డ్రమ్ములోకి చేరుతుంది గనుక పీల్చే గొట్టానికి ఏకదిశ వాల్వు తప్పనిసరి. కరగని ఎరువు రేణువులు డ్రిప్పర్లను మూసివేయకుండా వెంచురీ తర్వాత ఒక ఫిల్టరు ఉండాలి.

పైపును ఎక్కడ సన్నబరచవచ్చు?

మెయిన్ పైపు పొడవునా నీటి పరిమాణం ఒకటే. సబ్‌మెయిన్, లేటరల్ పైపుల్లో అలా కాదు. దారిలో ప్రతి డ్రిప్పరు కొంత నీటిని దింపేసుకుంటుంది. కొసకు చేరేసరికి పైపులో మిగిలేది ఒకటి రెండు డ్రిప్పర్ల నీరే. అందువల్ల సమాన ఎడంతో అనేక విడుదలలు గల పైపులో మొత్తం ఘర్షణ నష్టం, నీరంతా కొస వరకు పోయే పైపులోని నష్టంలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. అందులోనూ ఎనభై ఐదు శాతానికి పైగా నష్టం పైపు మొదటి సగంలోనే జరుగుతుంది.

దీని నుండి ఒక ఉపయోగకరమైన నియమం లభిస్తుంది. పొదుపు చేయదలిస్తే సబ్‌మెయిన్ రెండో సగంలో సన్నని పైపు వేయవచ్చు, నష్టం స్వల్పం. మొదటి సగంలో సన్నని పైపు వేసి, మిగిలిన వెడల్పు పైపును చివర కలిపితే ప్రయోజనం శూన్యం. పొలాల్లో చేతికందిన ముక్కలను అతికించేటప్పుడు ఈ రెండో తప్పిదమే తరచూ కనబడుతుంది.

అలాగని అవసరానికి మించి వెడల్పు పైపు కూడా మంచిది కాదు. ధర పెరుగుతుంది, నీరు మరీ నెమ్మదించి ఒండ్రు పేరుకుంటుంది. పి.వి.సి. పైపులో వేగం సెకనుకు 1.5 మీటర్లు మించకుండా చూడటం రూపకల్పనలో అంగీకృతమైన హద్దు. దీనికి ఘర్షణ ఒక్కటే కారణం కాదు. వేగంగా పోయే నీటిని వాల్వు మూసి హఠాత్తుగా ఆపితే ఆ వేగమంతా పీడనపు దెబ్బగా మారుతుంది. పి.వి.సి. పైపులో సెకనుకు ఒక మీటరు వేగం హఠాత్తుగా ఆగినా 30 నుండి 40 మీటర్ల అదనపు పీడనం క్షణంలో పుడుతుంది. అతుకులు ఊడటం, పైపులు చిట్లడం తరచూ వాల్వు మూసిన వెంటనే జరగడానికి కారణమిదే.

ఉచిత విద్యుత్తు, కనిపించని ఖర్చు

ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన నాటి నుండి బిందు సేద్యం వేగంగా విస్తరించింది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులోకి వచ్చింది. నేడు రెండు రాష్ట్రాల్లోనూ అధిక శాతం రైతులకు పంపుసెట్టు కరెంటు బిల్లు లేదు. ఇది రైతుకు ఊరటే. అయితే బిల్లు లేకపోవడం వల్ల పైపులో జరిగే నష్టం రైతు కంటికి కనబడదు.

ఒక లెక్క చూద్దాం. సెకనుకు 5 లీటర్ల నీటిని 300 మీటర్ల దూరం పంపాలి. 80 మి.మీ. లోపలి వ్యాసం గల పైపులో ఘర్షణ నష్టం 3.6 మీటర్లు, 60 మి.మీ. పైపులో 14.6 మీటర్లు. ఈ 11 మీటర్ల తేడాను అధిగమించడానికి, పంపు, మోటారుల ఉమ్మడి సామర్థ్యం 50 శాతం అనుకుంటే, అదనంగా సుమారు 1.1 కిలోవాట్ల విద్యుత్తు కావాలి. రోజుకు ఆరు గంటల చొప్పున 150 రోజులకు దాదాపు 970 యూనిట్లు. ఇది పెద్ద మోటారు బిగించిన సందర్భం. ఉన్న మోటారుతోనే నడిపితే ఎత్తు పెరిగిన కొద్దీ పంపు ఇచ్చే నీరు తగ్గుతుంది. అప్పుడు బిల్లు విద్యుత్తు రూపంలో కాక ఎండిన చివరి వరుసల రూపంలో వస్తుంది.

పొలంలో చేయదగినవి

1. ప్రెషర్ గేజి ఒకటి దగ్గర ఉంచుకోవాలి. ఫిల్టరుకు ముందు, తర్వాత, ప్రతి ప్లాటు ముఖద్వారం వద్ద, చివరి లేటరల్ కొసన పీడనం చూడాలి. చూసేటప్పుడు మోటారు, డ్రిప్పర్లు నడుస్తూ ఉండాలి. వాల్వు మూసి ఉన్నప్పుడు నీరు కదలదు, ఘర్షణ ఉండదు. అప్పుడు అన్ని చోట్లా గేజి మంచి అంకెనే చూపి మోసగిస్తుంది.

2. ఒక ప్లాటులో అత్యధిక, అత్యల్ప పీడనాల తేడా 20 శాతం మించరాదు. ఆ హద్దులో ఉంటే సాధారణ డ్రిప్పర్ల విడుదలలో తేడా సుమారు 10 శాతానికి పరిమితమవుతుంది.

3. గేజి లేనప్పుడు మొదటి చెట్టు, చివరి చెట్టు డ్రిప్పర్ల కింద ఒకే రకం డబ్బాలు ఆరు నిమిషాలు ఉంచి కొలవాలి. వచ్చిన నీటిని పదితో గుణిస్తే గంటకు విడుదల తెలుస్తుంది.

4. నేల ఏటవాలును లెక్కలో చేర్చాలి. ఒక మీటరు ఎత్తు ఎక్కితే 0.1 కిలో పీడనం తగ్గుతుంది, దిగితే అంతే పెరుగుతుంది. ఎగుడుదిగుడు నేలల్లో పీడనాన్ని సరిదిద్దుకునే డ్రిప్పర్లు మేలు. అయితే వాటికీ కనీస పీడనం అందాలి.

5. తోటను విస్తరించేటప్పుడు ముందుగా కొత్త ప్లాటుకు సెకనుకు ఎన్ని లీటర్లు కావాలో లెక్కించి, ఆ తర్వాతే పైపు ఎంచుకోవాలి. పైపుపై ముద్రించిన అంకె బయటి వ్యాసం. లెక్కకు లోపలి వ్యాసమే తీసుకోవాలి.

6. ఎరువు ఇచ్చే ముందు కొంతసేపు, ఇచ్చిన తర్వాత కొంతసేపు మంచి నీరు పారించాలి. వెంచురీ పక్కనున్న వాల్వును పని కాగానే పూర్తిగా తెరవాలి.

7. వాల్వులను నెమ్మదిగా మూయాలి. ఒక ప్లాటు నుండి మరో ప్లాటుకు మార్చేటప్పుడు ముందు రెండోదాన్ని తెరచి ఆ తర్వాత మొదటిదాన్ని మూయాలి.

ముగింపు

పైపు సన్నబడితే నీటికి వేగం వస్తుంది, బలం రాదు. వేగం పీడనం నుండి తీసుకున్న అప్పు. ఇరుకు అంగుళాల్లో ఉంటే ఆ అప్పు వెంచురీగా, నాజిల్‌గా మనకు ఉపయోగపడుతుంది. ఇరుకు వందల మీటర్లలో ఉంటే అప్పు సంగతి అటుంచి ఘర్షణ అసలునే తినేస్తుంది. విస్తరణ అధికారులు, విద్యార్థులు ఏ బిందు సేద్య తోటకు వెళ్లినా చివరి వరుసతో పరిశీలన ప్రారంభించాలని నా మనవి. ఆకు రంగు చూసే ముందు గేజి ముల్లు చూడాలి. ఆ బత్తాయి తోటలో నేను ఆ క్రమాన్ని తలకిందులు చేశాను. దాని మూల్యం చెల్లించినది నేను కాదు, ఆ రైతు.